దూరవిద్యా పాఠములు – వాని కూర్పు
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున కీసరలో గావింపబడిన ప్రసంగము)



గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండుట ఒక గ్రామమునకు పర్వదినము. దేవళములో ధ్వజస్తంభము నిలిపిననాడు ఊరంతయు ఎట్లు ఒకచోట చేరునో, పుస్తకశాలకు పండుగ వచ్చిననాడును అట్లే చేరుట ఆంధ్రదేశమున ఆచారమైనది. ఆ ఆచారము ఊరక ఏర్పడినది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మున్నగువారు ఊరూర తిరిగి, చదువు కొందరి సొత్తు కారాదని చాటిరి. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా డెల్టా కాలువలలో పడవ మీద పుస్తకములను పంపి, గట్టువెంట నున్న గ్రామముల వారికి అందజేసిరి. ఆ కార్యములో ఒక గొప్ప భావము ఇమిడియున్నది. చదువరి పుస్తకము కడకు రాలేనప్పుడు పుస్తకమే చదువరి కడకు పోవలెను.

ఆ పడవ ఆనాడు మన మెట్టసీమ దాక రాలేదు. ఒకనాటి కృష్ణాజిల్లా మెట్ట, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోని భాగము, జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల ప్రాంతము, చాలకాలము వానను, మునేటిని నమ్ముకొని బ్రతికినది. నేడు పత్తి, మిరప పండించు రైతు చేతిలోను, కూలికి పోవు తల్లి కొంగుముడిలోను ఫోను ఉన్నది. పుస్తకముల పడవకు చేరరాని చోటికి ఇది చేరినది. అయితే పడవ వచ్చినంత మాత్రమున చదువు వచ్చినట్లు కాదు. పడవలో ఏమి ఉన్నది, దానిని ఎట్లు అమర్చిరి, ఎక్కదిగుటకు మెట్టు ఉన్నదా అన్నవి చూడవలసిన సంగతులు. అంతర్జాలము ద్వారా బోధించు పాఠములను ఎట్లు కూర్చిన ఫలవంతములగును, ఎట్లు అమర్చిన సులభముగా వాడుకొనవచ్చును అన్నదే నేటి ప్రసంగ విషయము.

ఇది పట్టణములోని పండితులకు మాత్రమే సంబంధించిన విషయమని తలచుట పొరపాటు. పదవ తరగతితో చదువు మాని కాపురమునకు వచ్చిన కోడలు, డిగ్రీ పూర్తి చేయకయే సిమెంటు కర్మాగారములో పనికి కుదిరిన యువకుడు, కొత్త తెగులునకు మందు వెదకు రైతు, వీరందరును ఏదో ఒకనాడు ఫోనులో ఒక పాఠము తెరచి చూచినవారే. వారిలో పెక్కుమంది రెండవనాడు దానిని మరల తెరువలేదు. "మనకు చదువు అబ్బదు" అని తమ్ము తామే నిందించుకొనిరి. ఆ నింద చాల తావుల న్యాయము కాదు. పాఠము కూర్చినవారి లోపమును నేర్చుకొనువారు తమ నెత్తిన వేసికొనుచున్నారు. ఈ అన్యాయమును తొలగించుటకు మార్గమున్నది. ఆ మార్గమును తెలిసికొనుటకు ముందు తెలుగువారి అనుభవమును కొంత స్మరింపవలెను.

దూరము నుండి బోధించుట తెలుగునాట కొత్త కాదు. 1972లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తపాలా ద్వారా పాఠములు పంపు శాఖను నెలకొల్పెను. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఆకాశములోని ఒక ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు దూరదర్శన పాఠములు ప్రసారమయ్యెను. సైట్ అని పేరొందిన ఆ ప్రయోగమునందు ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉండెను. ఒక్క టెలివిజను ముందు ఊరంతయు కూర్చుండి వ్యవసాయము, ఆరోగ్యము గూర్చి తెలుగులో వినిరి.

ఆ తరువాత 1982 ఆగస్టులో, భవనం వెంకట్రామ్ గారు ముఖ్యమంత్రిగా నుండగా, హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడెను. భారతదేశమున సార్వత్రిక విశ్వవిద్యాలయములలో ఇదియే మొదటిది. జి. రామిరెడ్డి గారు దాని తొలి ఉపాధ్యక్షులు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు దానికిని తొలి ఉపాధ్యక్షులుగా పోయినది వారే. 1991లో హైదరాబాదులోని ఆ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టబడెను. బడి మెట్లు సరిగా ఎక్కనివారు సైతము అర్హతా పరీక్ష వ్రాసి అందు చేరుటకు వీలు కల్పింపబడెను. బస్సు కండక్టరులు, గుమాస్తాలు, గృహిణులు పట్టభద్రులైరి.

ఆ విశ్వవిద్యాలయము వారి పాఠ్యపుస్తకమును తెరచి చూచినవారికి ఒక విశేషము కనబడును. అది మామూలు పాఠ్యపుస్తకము వలె ఉండదు. పుస్తకము ఖండములుగాను, ఖండము చిన్న చిన్న భాగములుగాను విభజింపబడినది. భాగము మొదట దాని లక్ష్యము లుండును; అనగా ఈ భాగము చదివిన పిదప చదువరి ఏమి చేయగలుగునో ముందే చెప్పబడును. నడుమ నడుమ ఆగి సరిచూచుకొనుటకు ప్రశ్నలు, చివర మాదిరి సమాధానములు, కఠిన పదములకు అర్థములు. ఎదుట గురువు లేని లోటును పుస్తకము యొక్క అమరికయే తీర్చవలెనని తలచి చేసిన కూర్పు అది. దీనికి తోడు అధ్యయన కేంద్రములలో సెలవు దినములందు అధ్యాపకులు కూర్చుండి సందేహములు తీర్చెడివారు. అంతర్జాల పాఠమునకు కావలసిన మూలసూత్రములు సగమునకు పైగా ఈ తెలుగు పుస్తకములలోనే ఉన్నవని చెప్పుట అతిశయోక్తి కాదు.

అంతర్జాలము వచ్చిన పిదప పాఠముల సంఖ్య వెల్లువయైనది. 2003లో ఐ.ఐ.టి.లును, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయును కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పథకమును ఆరంభించి, ఇంజనీరింగు పాఠములను అందరికిని ఉచితముగా చూపనారంభించిరి. వానిలో కొన్ని తరువాత తెలుగు మొదలగు భారతీయ భాషలలోనికి తేబడినవి. 2017 జూలై 9న కేంద్ర ప్రభుత్వము స్వయం అను వేదికను, దానితోపాటు స్వయంప్రభ అను టెలివిజను ఛానెళ్లను ప్రారంభించెను. స్వయం పాఠమునకు నాలుగు అంగములు విధింపబడినవి: చూచుటకు వీడియో, చదువుటకు వ్రాతపాఠము, సందేహములు చర్చించుకొనుటకు ఒక వేదిక, తన్ను తాను పరీక్షించుకొనుటకు ప్రశ్నలు. 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, ఒక కోర్సులోని ఒక సెమిస్టరు క్రెడిట్లలో 40 శాతము వరకు స్వయం ద్వారా పొందుటకు అనుమతించెను.

2020లో కరోనా మూలమున బడులు మూతపడినప్పుడు ఈ మార్గమే శరణ్యమైనది. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారాను, తెలంగాణములో సెప్టెంబరు 1 నుండి టి-శాట్, దూరదర్శన్ ద్వారాను పిల్లలకు పాఠములు చెప్పిరి. ఆ సంవత్సరము ప్రతి గ్రామమునకు ఒక కఠిన సత్యము తెలిసివచ్చినది. ఇంటికి ఒకటే ఫోను. అది తండ్రితో చేనికి పోవును. ముగ్గురు పిల్లలలో ఎవరికి ముందు? పాఠము సిద్ధముగనే యున్నది. అందుకొను చేయి సిద్ధముగా లేదు.

ఈ చిక్కు పేదదేశములకే పరిమితము కాదు. అమెరికాలో హార్వర్డు, ఎం.ఐ.టి. సంస్థలు 2012–13లో ఉచితముగా నడపిన మొదటి 17 అంతర్జాల కోర్సుల లెక్క తీయగా, నమోదైన పేర్లు 8,41,687. పేరు వ్రాయించుకొని పాఠము ఒక్కసారియైనను తెరువనివి 2,92,852. సర్టిఫికేటు పొందినవి 43,196. అనగా నూటికి ఐదు. ఇందు ఒక మాట న్యాయముగా చెప్పవలెను. సర్టిఫికేటు పొందని వారందరును ఓడిపోయిన వారని అనరాదు. గ్రంథాలయమునకు వచ్చి, వైద్యగ్రంథములో తనకు కావలసిన ఒక్క పుట చదివి పోయినవానిని ఎవరును వెక్కిరింపరు. అట్లే అంతర్జాల పాఠములోను కావలసినంత తీసికొని పోవువారు ఉందురు. కాని, చివరి వరకు చదువవలెనని నిజముగా సంకల్పించి, నడిమధ్య చతికిలబడిన వారి మాట ఏమి? కూర్పరి విచారింపవలసినది వారిని గూర్చియే.

కూర్పునందు పాటింపవలసిన నియమములను వరుసగా పరిశీలింతము. మాటలు గాలిలో తేలిపోకుండుటకు మన మెట్టకు తెలిసిన ఒక విషయమునే ఉదాహరణముగా తీసికొనుట మేలు. ఎండుమిరపకాయల ఆరబోతను గూర్చి రైతులకు ఒక చిన్న కోర్సు కూర్చవలెననుకొందము.

మొదటి నియమము: చివరనుండి మొదలుపెట్టవలెను. సామాన్యముగా పాఠము చెప్పువాడు తనకు తెలిసినదంతయు ముందు పోగుచేయును. మిరప ఏ దేశమునుండి వచ్చినది, దాని శాస్త్రీయ నామమేమి, ఎన్ని రకములు గలవు అని ఆరంభించి, రైతునకు కావలసిన మాట వచ్చుసరికి గంట గడచిపోవును. మంచి కూర్పరి అట్లు చేయడు. కోర్సు ముగియునప్పటికి రైతు ఏమి చేయగలుగవలెనో ముందు ఒక వాక్యములో వ్రాసికొనును. "మిరపను గూర్చి తెలియజేయుట" అన్నది లక్ష్యము కాదు. "కల్లములో కాయను చేతబట్టి, అది బస్తాకు ఎత్తదగినంత ఎండినదో లేదో రైతు నిర్ణయింపగలుగుట" అన్నది లక్ష్యము. అది నెరవేరినదో లేదో తెలిసికొనుటకు ఏ ప్రశ్న అడుగవలెనో రెండవ వాక్యములో వ్రాయును. ఆ తరువాతనే పాఠము వ్రాయ కూర్చుండును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు తోడ్పడని మాట ఎంత అందమైనదైనను తీసివేయును. విత్తువాడు పంటను తలచియే విత్తును గదా!

రెండవ నియమము: పాఠము చిన్నదిగా నుండవలెను. 2014లో ఫిలిప్ గువో మొదలగు పరిశోధకులు నాలుగు కోర్సులలో జనులు వీడియోలు చూచిన సుమారు 69 లక్షల సందర్భములను పరిశీలించిరి. వీడియో ఎంత పొడవైనదైనను, చూచువారు సగటున ఆరు నిమిషములకు మించి నిలువలేదని తేలినది. ఇది మనుష్యుల సోమరితనము కాదు. కొత్త విషయమును ఒక్కసారి పట్టుకొనుటకు మనస్సునకు గల చోటు చాల ఇరుకైనది. చాటలో ఎక్కువ పోసి చెరిగిన గింజయు పొట్టుతోపాటు క్రింద పడును. కావున ఆరబోత కోర్సును నాలుగు పాఠములుగా విడదీయవచ్చును. మొదటిది: బాగుగా పండిన కాయనే కోయుట, తాలుకాయలను వేరుచేయుట. రెండవది: మట్టినేల మీద గాక శుభ్రమైన పట్టా మీద పలుచగా ఆరబోయుట, తిరుగవేయుట. మూడవది: రాత్రి మంచునుండి కాపాడుట. నాలుగవది: తేమ చూచి బస్తాకెత్తుట. ఒక్కొక్కటి ఐదారు నిమిషములు. చేనినుండి వచ్చి, కాళ్లు కడుగుకొని, భోజనమునకు ముందు ఒకటి చూడవచ్చును. మరునాడు రెండవది.

మూడవ నియమము: చూపుటకు వీలున్నదానిని చెప్పి ఊరకుండరాదు; చెప్పుచున్నదానినే తెర మీద అక్షరములతో నింపరాదు. కొందరు అధ్యాపకులు తెర నిండ చిన్న అక్షరములు పరచి, వానినే పైకి చదువుదురు. చూచువాని కన్ను ఒకదారిని, చెవి ఒకదారిని పోవును. రెండును సరిగా పనిచేయవు. తడికాయను, ఎండినకాయను ప్రక్కప్రక్కన ఉంచి, రెండింటిని విరిచి చూపినచో పది వాక్యముల పని ఒక్క క్షణములో నెరవేరును. ఆ వేళ వినబడవలసినది వివరించు గొంతు మాత్రమే. అయితే చెవి వినబడనివారి కొరకును, పదిమంది నడుమ శబ్దము లేకుండ చూడవలసినవారి కొరకును, మాటలను తెర క్రింద కోరినప్పుడు కనబడునట్లును, వలదన్నప్పుడు తొలగునట్లును అమర్చవలెను.

నాలుగవ నియమము: అడుగక చెప్పరాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అను మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చక్కని పరీక్ష చేసిరి. కొందరు విద్యార్థులు ఒక పాఠమును రెండుసార్లు చదివిరి. మరికొందరు ఒకసారి చదివి, రెండవసారి చూడకయే గుర్తున్నంత వ్రాసిరి. ఐదు నిమిషముల తరువాత అడుగగా రెండుసార్లు చదివినవారిదే పైచేయి: వారికి నూటికి 81 పాళ్లు గుర్తున్నది, రెండవవారికి 75. కాని వారము గడచిన పిదప తలక్రిందులైనది. చదివి చదివినవారికి 42 పాళ్లు మిగిలెను. చూడక వ్రాసినవారికి 56. మన పూర్వుల వీథిబడులలో అప్పజెప్పించుట ఊరక పెట్టిన ఆచారము కాదని దీనివలన తెలియుచున్నది.

కాని ప్రశ్నలో తేడా ఉన్నది. "అఫ్లటాక్సిన్ అననేమి?" అని అడిగిన, రైతు ఒక మాటను కంఠస్థము చేయును, కాయ మాత్రము బూజు పట్టును. ప్రశ్న ఇట్లుండవలెను: "రాత్రి మంచు కురిసినది. ఉదయము కుప్పలో చేయి పెట్టగా లోపల చెమ్మగా, వెచ్చగా తగిలినది. ఇప్పుడు బస్తాకెత్తుదురా, కప్పి ఉంచుదురా, పలుచగా పరతురా?" కప్పి ఉంచుట అని ఎంచుకొన్నవానికి "తప్పు" అను ఎర్రగుర్తు చూపి విడిచిపెట్టరాదు. "చెమ్మతో కప్పి ఉంచిన కుప్పలో బూజు పెరుగును, ఆ బూజునుండియే అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును, కావున వెంటనే పలుచగా పరచవలెను" అని కారణము చెప్పవలెను. అప్పుడు తప్పే ఒక పాఠమగును. పదిమందిలో నవ్వుల పాలగుదునన్న భయము లేక తప్పుచేయుటకు అవకాశ మిచ్చుట ఫోనులోని పాఠమునకు గల ఒక పెద్ద సుగుణము. పెద్దవయసున అక్షరములు దిద్దువారికి ఆ సుగుణము విలువ తెలియును.

ఐదవ నియమము: వాడుకకు సులభముగా నుండవలెను. పాఠము బంగారమైనను, దానిని చేరుదారి ముండ్లకంప అయినచో ఎవరు పోదురు? ఒక గృహిణి కోర్సులో చేరదలచినదనుకొందము. మొదట పేరు, పుట్టినతేది, ఇ-మెయిలు అడుగుదురు. ఆమెకు ఇ-మెయిలు లేదు. తరువాత రహస్యపదము పెట్టుమందురు. అందు పెద్దయక్షరము, అంకె, గుర్తు ఉండవలెనని ఇంగ్లీషులో ఎర్రగా వ్రాయుదురు. ఆపై ఫోనునకు ఓ.టి.పి. పంపితిమందురు, ఆ నంబరు గల ఫోను భర్తతో నందిగామ పోయినది. ఆమె తలుపు మూసినది. లెక్కలో ఆమె పేరు "చేరి మానివేసినవారు" అని పడును. నిజమునకు ఆమె చేరనేలేదు. ద్వారము దగ్గరనే తిరుగగొట్టబడినది.

కావున మొదటి పాఠమును పేరు వ్రాయించుకొనకయే చూడనీయవలెను. బొత్తాముల మీద మాటలు తెలుగులో, వాడుకలో నున్నవిగా నుండవలెను. తెరచినతోడనే "నిన్న ఇచ్చట ఆపితిరి; ఇచ్చటినుండి సాగించుడు" అని కనబడవలెను. ఎన్ని పాఠములు గలవో, ఎన్ని అయినవో ఒక్క చూపులో తెలియవలెను. అన్ని పాఠములును ఒకే తీరున నుండవలెను. ప్రతి పాఠమునకు బొత్తాము చోటు మారినచో చదువుటకు వలసిన శక్తి వెదకుటకే వ్యయమగును. అక్షరము పెద్దదిగా, వెలుతురులో కనబడునదిగా నుండవలెను. చదువరి కాలమును వ్యర్థము చేయరాదని గ్రంథాలయములకు 1931లోనే ఎస్.ఆర్. రంగనాథన్ గారు నియమము పెట్టిరి. అది అంతర్జాల పాఠమునకును సరిగా సరిపోవును.

సిగ్నలును, డేటా ఖర్చును మరువరాదు. గంటసేపటి వీడియోకు కొన్ని వందల ఎం.బి. ఖర్చగుట సామాన్యము, అదే మాటలను ధ్వనిగా మాత్రమే ఇచ్చినచో సుమారు 30 ఎం.బి.తో సరిపోవును, వ్రాతపాఠమునకు అంతయు పట్టదు. కనుక ఒకే విషయమును వీడియోగా, ధ్వనిగా, వ్రాతగా మూడు విధముల ఉంచి, సిగ్నలున్నచోట దింపుకొని లేనిచోట చూచుకొనుటకు వీలు కల్పింపవలెను. చేని గట్టున చెట్టు క్రింద కూర్చున్నవానికి ధ్వనియే మేలు కావచ్చును.

ఆరవ నియమము: అచ్చుకు పోకముందే ఎదుట పెట్టి చూడవలెను. పుస్తకమునకు ప్రూఫులు దిద్దినట్లు పాఠమునకును దిద్దుబాటు కావలెను. ఆ దిద్దుబాటు చేయగలవారు పండితులు కారు, నేర్చుకొనువారే. జాకబ్ నీల్సన్ అను నిపుణుడు 2000లో ఒక సులభోపాయము సూచించెను. ఐదుగురిచే వాడించి చూచిన చాలును, పెద్ద లోపములలో ఎక్కువ భాగము బయటపడునని ఆయన వాదము. ఐదుగురికి ఫోను ఇచ్చి, పాఠము తెరువుమని చెప్పి, కూర్పరి ప్రక్కన మౌనముగా కూర్చుండవలెను. "అక్కడ నొక్కుము" అని చెప్పరాదు. వారి వ్రేలు ఎచ్చట తడబడెనో, ఏ మాట దగ్గర కనుబొమలు ముడివడెనో వ్రాసికొని, అచ్చట దిద్దవలెను. దిద్దిన పిదప మరి ఐదుగురు. కూర్పరికి ఇది కొంత అభిమానభంగముగా తోచును. కాని ఐదుగురి ముందు ఓర్చుకొన్న ఆ కష్టము ఐదువేల మందికి కలుగకుండును.

ఏడవ నియమము మిక్కిలి ముఖ్యమైనది: నేర్చుకొనువాడు ఒంటరి కారాదు. 2006లో బెంగుళూరులో డిజిటల్ గ్రీన్ అను ప్రయత్నము మొదలయ్యెను. పట్టణపు నిపుణుని బదులు ఆ ప్రాంతపు రైతునే వీడియో తీసి, ఇతర రైతులకు చూపుట దాని పద్ధతి. కర్ణాటకములోని 16 గ్రామములలో 13 నెలలు దీనిని పరీక్షించిరి. చూచు రైతులు ముందుగా అడిగెడి ప్రశ్న ఆశ్చర్యకరమైనది: వీడియోలో నున్న రైతు పేరేమి, ఏ ఊరు? తమవంటివాడు చేయగలిగినాడన్న నమ్మకము కలిగిన పిదపనే పద్ధతి మీద చూపు నిలుచును. ఆ పద్ధతిలో మరియొక మెలకువ ఉన్నది. వీడియో ఊరక సాగిపోదు. గ్రామస్థులలో ఒకరు దానిని నడుమ ఆపి, ప్రశ్న వేసి, చర్చ నడపి, తరువాత ఎవరు ఆచరించిరో విచారింతురు. ఖర్చుతో పోల్చిచూచిన, మామూలు ప్రచారముకంటె ఇది ఎన్నో రెట్లు ఫలించినదని ఆ పరిశీలనలో తేలెను. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయ ప్రచారమునందును ఇట్టి వీడియోలు వాడబడినవి.

సార్వత్రిక విశ్వవిద్యాలయపు అధ్యయన కేంద్రము, సైట్ కాలమున ఊరుమ్మడి టెలివిజను, డిజిటల్ గ్రీన్ వారి చర్చాసభ, ఈ మూడును ఒకే మాట చెప్పుచున్నవి. యంత్రము పాఠమును తేగలదు. నేర్చువానిని నిలబెట్టునది ప్రక్కన కూర్చున్న మనిషి. ఆ మనిషి గొప్ప చదువరి కానక్కరలేదు. "నిన్న రాలేదేమమ్మా?" అని అడుగువాడైన చాలును.

ఇచ్చటనే గ్రామ గ్రంథాలయమునకు పని కలదు. ఫోనులు వచ్చినవి గనుక పుస్తకశాలకు కాలము చెల్లినదని కొందరి అభిప్రాయము. పైన చెప్పినదంతయు చూచిన, దానికి కాలము ఇప్పుడే వచ్చినదని తోచును. ఇంటిలో చోటు లేని విద్యార్థికి ఒక బల్ల, వెలుతురు, నిశ్శబ్దము ఇచ్చునది ఏది? ఫోను ఒకటే యున్న ఇంటి పిల్లలకు వంతు లేని తెర చూపగలది ఏది? వారమునకు ఒకనాడు ఒక గంట నిర్ణయించి, పదిమంది స్త్రీలు కలిసి ఒక పాఠము చూచి మాటలాడుకొనుటకు, ఎవరును వింతగా చూడని చోటు ఏది? ఊరిలో అట్టి తావు గ్రంథాలయమొక్కటే.

ఖర్చు పెద్దది కాదు. ఒక మూల, ఒక తెర, ఒక కనెక్షను, ఒక రిజిస్టరు. పుస్తకములు ఇచ్చిపుచ్చుకొను రిజిస్టరు వలెనే పాఠముల రిజిస్టరు ఉండవలెను. అందు ఎవరు ఏ పాఠము ఆరంభించిరి, ఎచ్చట ఆగిరి, ఏ సందేహము వచ్చెను అని వ్రాయవలెను. మూడు నెలలకొకసారి ఆ పుటలు తిరుగవేసిన, ఏ పాఠము మనవారికి పనికివచ్చునో, ఏది పట్టణము కొరకే పుట్టినదో తేటపడును. డబ్బు గుంజుకొని సర్టిఫికేటు ఆశచూపు కోర్సు ఏదో, ప్రభుత్వ వేదిక మీద ఉచితముగా దొరకునది ఏదో చెప్పి హెచ్చరించుటకును ఆ అనుభవము తోడ్పడును. ఊరి రైతులే, ఊరి ఉపాధ్యాయులే, ఊరి కుట్టుపనివారే తమకు తెలిసిన విద్యను ఐదు నిమిషముల పాఠముగా కూర్చుటకు పూనుకొన్ననాడు, కీసర ఇతరుల పాఠములను చూచు ఊరు మాత్రమే కాక పాఠము చెప్పు ఊరు కూడ అగును. అట్టివారికి పై ఏడు నియమములును దారిబత్తెము.

చివరగా ఒక మాట. అంతర్జాల పాఠమును మెచ్చుకొనువారు దానిని చూచినవారి సంఖ్యను చెప్పుదురు. చూచినవారు లక్ష కావచ్చును. కాని పట్టాను మార్చుకొని కాయను నిలుపుకొన్న రైతు ఎందరు, ఆగిన డిగ్రీని పూర్తిచేసిన యువకులు ఎందరు, ద్వారము దగ్గర తిరుగగొట్టబడక లోనికి వచ్చిన ఆడపడుచులు ఎందరు అన్నదే సరియైన లెక్క. ఆ లెక్క దూరదేశములోని యంత్రమునకు తెలియదు. ఊరి గ్రంథాలయపు రిజిస్టరునకు తెలియును.

ఇరువదియైదేండ్లు పుస్తకమును చేతికందించిన ఈ సంస్థ, ఇక ముందు పాఠమును కూడ అందించుగాక. స్వర్ణోత్సవము నాటికి ఆ రిజిస్టరు పుటలలో "పూర్తిచేసిరి" అను మాట ఎదుట మన గ్రామస్థుల పేర్లు పెక్కు నిండి యుండుగాక.

స్వస్తి.